చిన్న తెరచాప పడవలో రాత్రి పడక: ఉన్న దారులేమిటి, ఎవరికి ఏది నప్పుతుంది

ఇరవై, ఇరవై రెండు అడుగుల తెరచాప పడవ కాగితాల్లో ‘పడకలు: నాలుగు’ అని రాసి ఉంటుంది. తీరా లోపలికి దిగి చూస్తే వాటిలో రెండు పిల్లలకే సరిపోతాయి, ఒకటి సామాన్లతో నిండిపోతుంది, మిగిలిన ఒక్కదాని మీదే ఇద్దరు పెద్దవాళ్లు సర్దుకోవాలి. అక్కడి నుంచి ఆలోచన మొదలవుతుంది. ముందు భాగాన్ని పెంచాలా, మధ్యలో ఉన్న బల్లలు కలపాలా, పైన తెర కట్టుకుని బయటే పడుకోవాలా?

విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో రాత్రి లంగరు వేసి ఉండాలనుకునేవాళ్ల కోసం ఈ పోలిక రాస్తున్నాను. పడవను ట్రెయిలర్ మీద నాగాయలంక, హంసలదీవి వైపు తీసుకెళ్లి సముద్రం అంచున తిరిగేవాళ్ల అవసరం కొంచెం వేరు. ఆ తేడా ఉన్నచోట చెబుతాను.

పడవ పడకల గురించి దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాలవి. వాళ్లకు వెచ్చగా ఉండటం ముఖ్యం కాబట్టి లోపల, మూసిన చోట, మందమైన పరుపు వేసుకోమంటారు. మనకు నిద్ర చెడేది ఉక్కతో, దోమలతో, తెల్లవారుజామున పరుపు కింద చేరే చెమ్మతో. అందుకే నా లెక్కలో మెత్తదనం కన్నా, వెడల్పు కన్నా గాలే ముందు. పరుపు పైనా కిందా గాలి ఆడే పడక సన్నగా ఉన్నా నిద్ర పడుతుంది. గాలి ఆడని పడక ఎంత వెడల్పున్నా అర్ధరాత్రి లేచి బయటికి రావాల్సిందే.

## ముందు కొలవాల్సినవి

టేపు, చాక్‌పీసు పట్టుకుని పడవలోకి దిగండి. మీ ఎత్తుకు నాలుగైదు అంగుళాలు కలిపితే పడక పొడవు వస్తుంది. ఐదడుగుల ఎనిమిది అంగుళాల మనిషికి ఆరడుగులకు కాస్త పైన కావాలి. భుజాల దగ్గర ఒక్కరికి 22 నుంచి 24 అంగుళాలు, ఇద్దరికి కనీసం 44 ఉండాలి. కాళ్ల దగ్గర తక్కువైనా పర్వాలేదు, ఒక్కరికి 15, 16 అంగుళాలు చాలు. మోకాలు ముడుచుకుని పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే నడుము దగ్గర కూడా 24 అంగుళాలు చూసుకోండి. చాలామంది మరిచిపోయేది ఇదే.

గాలి ఎటు నుంచి వస్తుందన్నది రెండో ప్రశ్న. లంగరు వేసిన పడవ, ప్రవాహం పెద్దగా లేకపోతే, ముక్కు గాలి వైపు తిప్పి నిలబడుతుంది. బ్యారేజీ ఎగువన నిండుగా నిలిచిన నీళ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. క్యాబిన్ కప్పుకు ముందు వైపు ఉన్న పైమూత తెరిస్తే గాలి లోపలికి దూరి వెనక తలుపు నుంచి బయటికి పోతుంది. అదే పడవను ఘాట్‌కు కట్టేస్తే గాలి పక్క నుంచి కొట్టి పోతుంది తప్ప లోపలికి రాదు. హంసలదీవి దగ్గర ఆటుపోట్ల ప్రవాహం పడవను తన వైపు తిప్పుకుంటుంది. అక్కడ గాలి దిశను నమ్ముకుని పడక కట్టుకోలేం.

మూడోది, రాత్రి పడకను ఎంత త్వరగా తీసేయగలరు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నిశ్చలంగా ఉండి, ఉరుములతో ఒక్కసారి గాలివాన విరుచుకుపడటం మనకు కొత్త కాదు. లంగరు జారితే చుక్కాని దగ్గరికి, ఇంజిన్ దగ్గరికి అడ్డు లేకుండా చేరగలగాలి. రెండు నిమిషాల్లో తీయలేని పడక ఎంత హాయిగా ఉన్నా నేను దానికి మార్కులు వేయను.

ఇక బరువు, చెమ్మ, రాత్రి ఒకరు లేస్తే ఇంకొకరి మీదుగా దాటాల్సి రావడం వంటివి ఒక్కో దారి దగ్గర చూద్దాం.

## అణియం వైపు త్రికోణం పడక

పడవ ముందు భాగం ముక్కు వైపు సన్నబడుతుంది కాబట్టి ఇక్కడి పడక త్రికోణం ఆకారంలో ఉంటుంది. తల వైపు ఐదడుగుల దాకా వెడల్పు ఉన్నా కాళ్ల వైపు అడుగు మించదు. ఇద్దరి పాదాలూ ఒకచోట చేరతాయి. మధ్యలో ఉన్న ఖాళీకి ఒక పలక, దానికి సరిపడా పరుపు ముక్క చేర్చి, వెనక వైపు ఆరేడు అంగుళాలు పొడిగిస్తే శరీరం అంతా వెనక్కి జరుగుతుంది, కాళ్లకు కాస్త చోటు వస్తుంది. ఖర్చు తక్కువ, వడ్రంగి పని ఒక రోజుది.

లంగరు మీద ఉన్నప్పుడు తల పైన మూత తెరిస్తే నేరుగా గాలి తగులుతుంది. పైమూతకు ఒక గుడ్డ తెరను నిలబెట్టి కడితే గాలిని పట్టి కిందికి తోస్తుంది. పాత చీర ముక్కతో కూడా ఇది చేసుకోవచ్చు. ఘాట్‌కు కట్టిన రాత్రి మాత్రం ఇదే చోటు ఉక్కపోస్తుంది.

కదిలే పడవలో ఇక్కడ పడుకోవడం కష్టం. అలకు ముందు లేచి పడేది ముక్కే. మధ్యలో ఉన్నవాళ్లకు తెలియని కుదుపు కూడా ఇక్కడున్నవాళ్లను పైకెత్తి వేస్తుంది. లోపలి వైపు పడుకున్నవాళ్లు లేవాలంటే రెండో వాళ్లను లేపక తప్పదు. యాభై దాటినవాళ్లకు, రాత్రి రెండుసార్లు లేవాల్సినవాళ్లకు ఈ చోటు నేను చెప్పను.

## మధ్య బల్లలు కలిపి చేసే జంట పడక

క్యాబిన్‌లో అటూ ఇటూ ఉన్న కూర్చునే బల్లల మధ్య ఖాళీని మూసి ఒకే పడక చేయడం చాలామందికి మొదట తట్టే ఆలోచన. బల్లలు ఒక్కోటి 18 అంగుళాలు, మధ్య ఖాళీ 18, 20 అంగుళాలు ఉంటే నాలుగున్నర అడుగుల వెడల్పు వస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లు, మధ్యలో చిన్నపిల్ల పడుకోవచ్చు.

ఖాళీని మూయడానికి రెండు పద్ధతులు. ఒకటి ప్లైవుడ్ పలక. ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది వాడాలి. మామూలు కమర్షియల్ ప్లై ఒక వర్షాకాలానికే పొరలు విడిపోతుంది. రెండోది రీపర్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు. రెండున్నర అంగుళాల టేకు రీపర్లను అంగుళంన్నర సందుతో వరసగా పేర్చి, రెండు చివరలా నవారు పట్టీ మీద స్క్రూలతో బిగిస్తే పగలు చాపలా చుట్టి పక్కన పెట్టేయొచ్చు. బల్లల లోపలి అంచుకు ముప్పావు అంగుళం కొయ్య పట్టీ కొడితే రీపర్లు దాని మీద కూర్చుంటాయి. నా ఓటు ఎప్పుడూ రీపర్లకే. పలక మీద వేసిన పరుపు కింద చెమ్మ చేరి, మూడో రోజుకే ముక్క వాసన వస్తుంది. రీపర్ల సందుల్లోంచి గాలి ఆడితే ఆ బాధ ఉండదు. స్క్రూలు నదికైతే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ చాలు, ఉప్పునీటికి 316 తీసుకోండి.

పడవ మొత్తంలో ఊపు తక్కువగా ఉండేది ఇక్కడే. తల తిరిగేవాళ్లకు, మొదటిసారి నీటి మీద పడుకునేవాళ్లకు ఈ చోటివ్వండి. ఇబ్బందల్లా పడక వేశాక క్యాబిన్‌లో కాలు పెట్టడానికి నేల ఉండకపోవడం. పొయ్యి, మంచినీళ్లు, సంచులు అన్నీ పడక ఎక్కే చేరుకోవాలి. వంట, భోజనం బయట కానిచ్చేవాళ్లకు ఇది నడుస్తుంది.

## వెనక గూటి పడక

బయట చుక్కాని దగ్గర కూర్చునే బల్ల కిందికి క్యాబిన్‌లోంచి గుహలా పోయే సన్నటి చోటు ఇది. కాళ్లు లోపలికి పెట్టి దూరాలి. ఒక్కరికే. వెచ్చగా, ఊపు తక్కువగా, పడవ పక్కకు ఒరిగినా దొర్లిపడకుండా ఉంటుంది. సముద్రం మీద రాత్రంతా నడిచే పడవలో వంతులవారీగా నిద్రపోయేవాళ్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు. కృష్ణ మీద మేలో మాత్రం వద్దు. మోకాళ్ల నుంచి కిందికి గాలి అన్నదే తగలదు. డిసెంబరు, జనవరి చలికి బాగుంటుంది. మిగతా ఏడాదంతా సామాన్లకు వదిలేయండి.

## బయట వేదిక, పైన తెర

పడవ వెనక భాగంలో, చుక్కాని పట్టి కూర్చునే చోట, రెండు బల్లల మధ్య కాళ్లు పెట్టుకునే గుంట ఉంటుంది కదా, దాన్ని రాత్రికి బల్లల ఎత్తుకు రీపర్లతో మూస్తే ఆరడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పున్న వేదిక వస్తుంది. తెరచాప కింది దూలాన్ని, అంటే బూమ్‌ను, తాడుతో పైకెత్తి కట్టి, దాని మీదుగా గుడ్డ వేసి పక్కలకు లాగితే గుడారం అవుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు, లంగరు మీదైనా ఘాట్‌కు కట్టినా, నేను మొదట చూడమనేది దీన్నే.

కారణం గాలి. నాలుగు వైపులా తెరుచుకుని ఉంటుంది. ఫైబర్ పడవ డెక్కు పగలంతా ఎండ పీల్చి, చీకటి పడ్డాక ఆ వేడిని లోపలికి వదులుతూ ఉంటుంది. వేసవిలో క్యాబిన్ చల్లబడేసరికి సగం రాత్రి గడిచిపోతుంది, బయట పొద్దు వాలగానే ప్రాణం లేచి వస్తుంది. అదే గుడ్డను పగలు కూడా నీడకు వేసి ఉంచితే లోపల పడుకునేవాళ్లకూ మేలే.

గుడ్డ విషయంలో తొందరపడకండి. నీలం ప్లాస్టిక్ పట్టా చవక, వాన ఆపుతుంది కానీ లోపలి వైపు నీటి చుక్కలు పట్టి మొహం మీద పడతాయి. గాలికి రాత్రంతా పటపటమని కొట్టుకుని నిద్ర పట్టనివ్వదు. గట్టి నేత కాటన్ కాన్వాసు బరువెక్కువ, ఆరడం ఆలస్యం, కానీ ఊపిరి తీసుకుంటుంది, చప్పుడు చేయదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల సీట్లు, టార్పాలిన్లు కుట్టేవాళ్లకు కొలతలిస్తే అంచులకు రింగులు కొట్టి, మూలలకు రెట్టింపు గుడ్డ వేసి చక్కగా కుట్టిస్తారు. ముడులన్నీ లాగితే ఊడిపోయేవే వేయండి. గాలివాన వచ్చినప్పుడు విప్పడం కన్నా వదిలేయడం ముఖ్యం.

సంక్రాంతి ముందు రోజుల్లో నది మీద మంచు బాగా కురుస్తుంది. అప్పుడు గుడ్డ తడిసి బరువెక్కుతుంది, దుప్పటి పైపొర కూడా చెమ్మబారుతుంది. ఆ నెలన్నర లోపలే పడుకోవడం మంచిది.

బరువు సంగతి కూడా చూసుకోవాలి. చిన్న పడవలో ముగ్గురు వెనక పడుకుంటే అమరం, అంటే పడవ వెనక భాగం, నీటిలోకి దిగుతుంది. గుంటలోని నీరు బయటికి పోయే కన్నాలు నీటి మట్టానికి కిందికి వస్తే అందులోంచే నీరు లోపలికి ఎక్కుతుంది. వేదిక కట్టే ముందు ముగ్గురు కూర్చుని చూడండి. నీరు వస్తే బిరడాలు పెట్టండి, లేదా ఇద్దరికే పరిమితం చేయండి. పిల్లలు నిద్రలో దొర్లుతారు కాబట్టి ఇక్కడ వాళ్లను మధ్యలోనే, పక్కలకు వల కట్టాకే పడుకోబెట్టాలి.

## నవారు పడక

పడవ గోడకు ఒక పైపు, లోపలి వైపు ఇంకో పైపు, మధ్య నవారు అల్లిక. గోడ వైపు కొక్కేలకు తగిలించి, లోపలి వైపు తాళ్లతో పైకి వేలాడదీస్తారు. పగలు ఎత్తి గోడకు కట్టేస్తారు. విదేశీ పడవల్లో దీన్ని కాన్వాసుతో చేస్తారు. మనకు నవారు మంచం నేసిన చేతులు ఇంకా ఉన్నాయి కనుక ఆ పని ఇక్కడే ఇంకా బాగా అవుతుంది. విజయవాడ వన్‌టౌన్‌లో నవారు చుట్టలు దొరుకుతాయి. నూలు నవారు ఒంటికి హాయి కానీ తడిస్తే కుళ్లుతుంది, ఆరుతుందన్న నమ్మకం లేదు. నైలాన్‌ది వెంటనే ఆరుతుంది. కాస్త సాగుతుంది కనుక మొదటి కొన్నాళ్లు మళ్లీ మళ్లీ బిగించాలి. పైపు అంగుళం పావు స్టీలుది తీసుకోండి, ఆరడుగుల పొడవున పెద్దమనిషి బరువుకు వంగకూడదు.

దీనికి పరుపే అక్కర్లేదు. మీద పలచటి బొంత చాలు. వీపు కింద గాలి ఆడుతుంది, అడుగున చెమ్మ మాటే ఉండదు. పడవ ఒరిగితే, ఒరిగిన వైపును బట్టి తాళ్లు వదులు చేసో బిగించో పడకను మళ్లీ సమంగా పెట్టుకోవచ్చు. ఈ సౌకర్యం వేరే ఏ పడకకూ లేదు. కింద బల్ల మీద ఒకరు, పైన నవారు మీద ఒకరు పడుకుంటే మధ్యలో నడిచే దారి మిగులుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లు నేసేటప్పుడు గట్టిగా లాగించుకోవాలి, లేకపోతే మధ్యలో కుంగుతుంది. క్యాబిన్ ఎత్తు నాలుగడుగులకు తగ్గితే పైనున్నవాళ్ల ముక్కుకు కప్పు తగిలేంత ఇరుకవుతుంది, అలాంటి పడవకు దీన్ని తలపెట్టొద్దు.

ఉయ్యాల కట్టుకుందామనే ఆలోచన చాలామందికి వస్తుంది. తెరచాప కొయ్యకు, దాన్ని ముక్కు వైపు లాగి పట్టే ముందు తీగకు మధ్య కడితే మధ్యాహ్నం కునుకుకు బాగుంటుంది. పెద్ద పడవ దాటుతూ లేపిన అలకు ఊగడం మొదలైతే రాత్రంతా ఆగదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| పడక | ఎందరికి | గాలి | ఊపు | తీయడానికి | చలికాలం |
|---|---|---|---|---|---|
| అణియం త్రికోణం | ఇద్దరు | లంగరు మీద బాగు, ఘాట్ దగ్గర తక్కువ | ఎక్కువ | తీయక్కర్లేదు | బాగు |
| మధ్య బల్లలు కలిపినది | ఇద్దరు, ఒక చిన్నపిల్ల | మధ్యస్థం | అన్నిటికన్నా తక్కువ | కొంచెం సమయం | బాగు |
| వెనక గూడు | ఒక్కరు | చాలా తక్కువ | తక్కువ | తీయక్కర్లేదు | చాలా బాగు |
| బయట వేదిక | ఇద్దరు, ఒక చిన్నపిల్ల | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం | ముడులు సరిగా వేస్తే త్వరగా | మంచుకు ఇబ్బంది |
| నవారు పడక | ఒక్కరు | బాగు | తక్కువ | వెంటనే | దుప్పటి కిందా వేయాలి |

## పరుపు, దోమతెర, ఫ్యాను

పరుపు కొనేటప్పుడు మందం కన్నా డెన్సిటీ, అంటే స్పాంజి ఎంత ఒత్తుగా ఉందో, అడగండి. 40 డెన్సిటీ పీయూ ఫోమ్ మూడు, నాలుగు అంగుళాలది రీపర్ల మీద బాగా పనిచేస్తుంది. తక్కువ డెన్సిటీది ఆరు అంగుళాలున్నా కొన్నాళ్లకు నడుము దగ్గర అణిగి చెక్క తగులుతుంది. నీరు పీల్చని ఈవీఏ రకం ఫోమ్ బయట వేదికకు పనికొస్తుంది కానీ చెమట పట్టిస్తుంది, మీద చాప వేయాల్సి వస్తుంది. కొబ్బరి పీచు పరుపు తడిస్తే బూజు పడుతుంది, పడవకు వద్దు. కవరు రెక్సిన్‌ది వేయించకండి. కాటన్‌ది, జిప్పుతో, ఉతుక్కునేలా ఉండాలి.

బూరుగు దూది పరుపు ఇంట్లో ఉంటే పారేయకండి. తెల్ల బూరుగు దూది నీటిని తేలిగ్గా పీల్చదు, తేలుతుంది. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపింది ఆ దూదినే. ఇప్పటికీ దూది ఏకి పరుపు కుట్టేవాళ్లు దొరికితే పడవ ఆకారానికి సన్నటి పరుపు కుట్టించుకోవచ్చు. ఉండలు కడుతుంది కాబట్టి తరచూ ఎండలో వేసి దులపాలి. దాన్ని లైఫ్ జాకెట్‌గా మాత్రం లెక్కలో వేసుకోకండి.

దోమతెర లేకుండా కృష్ణ ఒడ్డున ఏ పడకా పనికిరాదు, గుర్రపుడెక్క పేరుకున్న చోట మరీ. చాలామంది మూతలకు, తలుపుకు జాలీ బిగిస్తారు. చిన్న కన్నానికి జాలీ పెడితే వచ్చే కాస్త గాలీ ఆగిపోతుంది. దాని బదులు పడక చుట్టూ పెద్ద తెర కట్టి మూతలను పూర్తిగా తెరిచి ఉంచండి. జాలీ విస్తీర్ణం పెరిగేకొద్దీ దాటి వచ్చే గాలి పెరుగుతుంది. క్యాబిన్‌లో దోమల చుట్ట వెలిగించవద్దు, అంత ఇరుకులో పొగా ప్రమాదమే, నిప్పూ ప్రమాదమే. వంట గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే పడవ అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. సిలిండర్ పడుకునే చోటికి దూరంగా బయట పెట్టాలి.

లోపల పడుకునేవాళ్లకు 12 వోల్టుల చిన్న ఫ్యాను చాలు. 12 వాట్లదైతే గంటకు ఒక ఆంపియర్ అవర్ వాడుతుంది, ఎనిమిది గంటల రాత్రికి ఎనిమిది. ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి తగిలించకుండా వేరే బ్యాటరీ పెట్టండి. చలికాలంలోనూ పైమూత రెండు అంగుళాలు తెరిచే ఉంచాలి. ఒక్కో మనిషి ఊపిరిలో, చెమటలో రాత్రికి పావు లీటరు నీరు బయటికి వస్తుంది, దారి లేకపోతే అది కప్పుకు పట్టి పరుపు మీదే కారుతుంది.

## ఎవరు ఏది

భార్యాభర్తలిద్దరే, శని, ఆదివారాలు నది మీద గడిపేవాళ్లైతే బయట వేదిక కట్టుకుని, అణియం పడకను వానకు, చలికి వెనక దన్నుగా ఉంచుకోండి. ఖర్చు కూడా అన్నిటికన్నా ఇక్కడే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు మధ్య బల్లలు కలపండి. పిల్లలు నీటి అంచుకు దూరంగా, కప్పు కింద ఉంటారు. తల్లికి ఆ నిశ్చింత ఉంటే ఉక్క కాస్త ఉన్నా నిద్ర పడుతుంది. ఫ్యాను రెండు పెట్టుకోండి.

అమ్మానాన్నలను, అత్తామామలను తీసుకెళ్తుంటే వంగి దూరాల్సిన పడక ఏదీ ఇవ్వకండి. బల్ల ఉన్నదున్నట్టు ఒక్కరికి వదిలేసి, దాన్ని నాలుగు అంగుళాలు వెడల్పు చేసే రీపరు చేర్చడం చాలు. పట్టుకుని లేవడానికి కప్పుకు ఒక తాడు పిడి బిగించండి.

స్నేహితులు ముగ్గురు నలుగురు కలిసి వెళ్తే ఒకరికి నవారు, ఒకరికి కింది బల్ల, ఇద్దరికి వేదిక. ఎవరి పడక వాళ్లది కాబట్టి ఒకరి కోసం ఇంకొకరు లేవాల్సిన పని లేదు.

మచిలీపట్నం, కాకినాడ వైపు సముద్రంలో రాత్రి ప్రయాణం చేసేవాళ్లకు వెడల్పు పడక శత్రువు. పడవ ఒరిగినప్పుడు దొర్లి అటు గోడకు కొట్టుకుంటారు. సన్నటి బల్ల, దాని బయటి అంచున పరుపు కింది నుంచి పైకి లాగి కట్టిన కాన్వాసు అడ్డుగుడ్డ, లేదా నవారు పడక, లేదా వెనక గూడు. ఈ మూడింట్లోనే ఎంచుకోండి.

ఆరడుగులు దాటిన మనిషికి త్రికోణం, వేదిక రెండూ చాలకపోవచ్చు. మధ్య బల్ల చివరనున్న అడ్డు చెక్కలో కాళ్లు దూరేంత కిటికీ కోయించుకుంటే పొడవు దొరుకుతుంది. పడవ బలం ఆ అడ్డు మీద ఆధారపడి ఉందేమో పడవలు కట్టేవాళ్లను అడిగాకే రంపం పెట్టండి.

ఇంత తంటా ఎందుకు, ఒడ్డున ఇసుక తిన్నె మీద గుడారం వేసుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లకు ఒక మాట. ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీరు వదిలితే రాత్రికి రాత్రే తిన్నెలు మునుగుతాయి. పడవలో పడుకోవడానికైనా వరద రోజులు పనికిరావు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొట్టాయి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎగువ ప్రాజెక్టుల నీటి విడుదల చూడకుండా రాత్రి ఉండకండి. ఘాట్ దగ్గర ఉండాలంటే అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

చెక్క కోయించే ముందు అట్టపెట్టెలు కత్తిరించి అదే కొలతకు పరిచి, పడవ నీటిలో ఉన్నప్పుడే ఒక రాత్రంతా దాని మీద పడుకుని చూడండి. మోచేయి ఎక్కడ తగులుతోందో, గాలి ఎటు నుంచి వస్తోందో అప్పుడే తెలుస్తుంది. వడ్రంగికి ఆ అట్టనే ఇచ్చి కొలత తీసుకోమనండి.